ఫ్రెంచి అత్తమ్మ సంతకం

మూడో రోజు కూడా శ్రీవిద్య చాయ్‌కి కిందికి దిగలేదు.

పదకొండేళ్ళ నుంచి ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి మేడమెట్ల మీద ఆడపడుచు చెప్పుల చప్పుడు వినిపించాకే వసుమతి స్టవ్ మీద పాలు పెట్టేది. బుధవారం రాత్రి భోజనాల దగ్గర వసుమతి కూతురు సంహిత "నాకు ఫ్రెంచి వద్దు, తొమ్మిదో తరగతిల జర్మన్ తీసుకుంట" అన్నది. శ్రీవిద్య కలుపుకున్న పెరుగన్నం కంచంలోనే వదిలేసి మేడెక్కింది. అంతే. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. బడికి కూడా రోజూ మేనకోడల్ని స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని పోయే మనిషి, రెండు రోజులూ ఒక్కతే పోయింది. ఇవాళ శనివారం. తొమ్మిదిన్నర దాటింది. నాంపల్లి స్టేషన్ మైకు వచ్చే రైళ్ళ సంగతీ పోయే రైళ్ళ సంగతీ చెప్పుకుపోతోంది గానీ మెట్ల మీద మాత్రం అలికిడి లేదు.

కోపం వస్తే అరిచేవాళ్ళతో ఎలాగో వేగొచ్చు. నోరు కట్టేసుకుని కూర్చునేవాళ్ళతోనే వచ్చింది చావు.

టేబుల్ మీద ఉప్పుడబ్బా కింద ఫారం ఉంది. భాష మార్చుకోవాలంటే నాలుగు సంతకాలు కావాలని బడివాళ్ళ పట్టు. అమ్మది, నాన్నది, కొత్త భాష చెప్పే టీచర్‌ది, పాత భాష చెప్పే టీచర్‌ది. మూడు పడ్డాయి. జర్మన్ చెప్పడానికి కొత్తగా వచ్చిన ఏంజెలీనా మిస్ నవ్వుతూ పెట్టేసింది. నాలుగో గడి ఖాళీ. ఆ బడిలో పదహారేళ్ళుగా ఫ్రెంచి చెప్తున్నది శ్రీవిద్యే మరి.

ఆఫీసు ఒంటిగంటకి మూసేస్తారు. ఇవాళే ఆఖరు.

"మీరు పోయి అడుగున్రి. మీ అక్కనే గద" అంది వసుమతి.

"నాకు షాపు టైమైంది" అన్నాడు రామచందర్. ఆయనకి అబిడ్స్‌లో కళ్ళద్దాల షాపు.

"షాపు పదిన్నరకు. కండ్లద్దాలు అమ్మేటాయనకు గోడ మీది గడియారం కనవడ్తలేదా?"

రామచందర్ గడియారం వైపు చూడలేదు. నలభై ఆరేళ్ళ మనిషి. అక్క వస్తుంటే ఇప్పటికీ కుర్చీలో కాళ్ళు దగ్గరికి లాక్కుంటాడు. చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది ఆవిడే, స్కేలుతో నేర్పింది.

"ఫ్రెంచికేమైంది అసలు? తొంబై ఆరు, తొంబై ఏడు వస్తున్నయ్. క్లాసుల ఫస్టు. దోస్తులు జర్మన్ అన్నరని ఈమె జర్మన్ అన్నట్టుంది. ఏందమ్మా, గంతేనా?"

సంహిత గోడకి ఆనుకుని నిలబడింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. మూడు రోజులుగా సరిగ్గా తినక మొహం పీక్కుపోయింది. నోరు తెరిచింది, నీళ్ళు నమిలింది, మళ్ళీ మూసుకుంది.

"గట్ల మూగ నోము పడితే ఎట్ల? మీ అత్తకు తగ్గ కోడలివే" అని వసుమతి కూతురి రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. తలుపు దగ్గరగా వేసింది.

"ఇగో, నేను నీ తల్లిని. మీ నాయనకు చెప్పను. ఏమైందో చెప్పు."

సంహిత చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

ఆ ఇంట్లో బడి పుస్తకాలు కొత్తవి కొనడమనేది లేదు. జూన్‌లో బడి తెరిచిన కొత్తల్లో పైవాడి పుస్తకాలకి కొత్త అట్టలేసి, దేవుడి దగ్గర పసుపు బొట్టు పెట్టి, పైవాడే తన చేత్తో కిందివాళ్ళకి ఇవ్వాలి. కిందివాళ్ళు కాళ్ళకి దండం పెట్టి తీసుకోవాలి. సంహితకి పైవాడు సిద్ధార్థ్, శ్రీవిద్య కొడుకు, ఇప్పుడు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆరో తరగతిలో అతను ఇచ్చిన కట్టలో ఫ్రెంచి పుస్తకంతోపాటు అతని నోట్‌బుక్కు కూడా వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది దాకా డిక్టేషన్లు, ప్రశ్నలు, జవాబులు, వ్యాసాలు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. శ్రీవిద్యకి పాఠం చెప్పడంలో ఎంత శ్రద్ధో, ప్రశ్నపత్రం మార్చడంలో అంత బద్ధకం. ఏ ఏడాదికి ఆ ఏడాది అవే ప్రశ్నలు. సంహిత పొల్లు పోకుండా బట్టీ పట్టింది. మూడేళ్ళు.

"అర్థం తెల్వకుంటనే రాసిన అమ్మా. బొమ్మలు గీసినట్టు గీసిన. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు."

వసుమతి స్టవ్ మీద ఉన్న గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. గిన్నెలో ఏమీ లేదు.

"ఈ ఏడు తొమ్మిదోళ్ళకు మాట్లాడే పరీక్ష పెడ్తరట. బయటి టీచర్ వస్తది. నన్ను నిలబెట్టి అడిగితే? అత్తమ్మ పక్కనే కూసుంటది. అందరి ముందట అత్తమ్మ ఇజ్జత్ పోతది. జర్మన్ అయితే అందరికి అక్షరాల సంది చెప్తరు. నేను మంచిగ నేర్చుకుంట, ఒట్టు."

"ఇది మీ అత్తకు చెప్పినవా?"

"చెప్తే ఇంక నాతోటి ఎన్నటికి మాట్లాడదు."

"చెప్పకుంటే సంతకం పెట్టదు."

వసుమతి లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసు ఉద్యోగి. ఒక కాగితం మీద ఒక సంతకం కోసం మనుషులు ఎంతలా తిరుగుతారో ఇరవై ఏళ్ళుగా చూస్తోంది. రెండో శనివారం సెలవని ఇంట్లో కూర్చున్నా ఆ పీడ వదల్లేదు.

"పైకి నడువు" అంది.

*

శ్రీవిద్య గది తలుపు తీసే ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని పుస్తకాలకి అట్టలు వేస్తోంది. తొమ్మిదో తరగతి ఫ్రెంచి పుస్తకాలే. ఒక దాని మీద పసుపు బొట్టు కూడా పెట్టేసింది.

మెట్ల మీద వసుమతి ఆగిపోయింది. ఆమె వెనక రామచందర్ ఆగిపోయాడు. షాపు సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"అత్తమ్మా."

"సంతకం కోసం వచ్చినవా? గాడ పెట్టిపో. చూస్త."

"ఇయ్యాల ఒంటిగంట దాకనే."

"ఔ, తెలుసు. నేను గూడ గదే బడిల పని చేస్తున్న." కత్తెరతో అట్ట అంచు కోసింది. "నాకొక్కటి చెప్పు. నేను నిన్నేమన్న తిట్టిన్నా? కొట్టిన్నా? తొంబై ఆరు వచ్చే పిల్ల ఎందుకు పోతుందని స్టాఫ్‌రూంల అడుగుతున్నరు. నేనేం చెప్పాలె? ఇంటిపిల్ల గద, మార్కులు నువ్వే వేసుకున్నవని పోయినేడు ఒకామె అంటే, ఆమెతోటి ఆర్నెల్లు మాట్లాడలే నేను."

"నాకు ఫ్రెంచి రాదు అత్తమ్మా."

"వినయం దండిగ ఉన్నది."

"నిజంగ రాదు. బావ నోట్‌బుక్కు బట్టీ పట్టిన. ఆరు, ఏడు, ఎనిమిది. అన్ని పరీక్షలు."

కత్తెర ఆగింది.

శ్రీవిద్య తలెత్తి, ఫ్రెంచిలో ఒక చిన్న ప్రశ్న అడిగింది. రాత్రి ఏం తిన్నావని. ఆరో తరగతి పిల్లలు కూడా చెప్పగల జవాబు. సంహిత నిలబడే ఉంది. ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. సంహితకి చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఏమడిగినవో తెల్వదు" అంది.

చెట్టంత మనిషి ఒక్కసారి చిన్నదైపోయింది శ్రీవిద్య. చేతిలో పుస్తకాన్ని పక్కన పెట్టింది. మెట్ల మీద వసుమతి చీర కొంగు నలుపుతూ నిలబడింది.

"ఏడో తరగతి హాఫ్ ఇయర్లీల" అంది చివరికి శ్రీవిద్య, గొంతు బాగా తగ్గించి, "'మా అమ్మ' అని వ్యాసం రాసినవ్ చూడు. మా అమ్మ ఫ్రెంచి టీచర్ అని. అది?"

ఆ ప్రశ్న వస్తుందని సంహిత అనుకోలేదు.

"అది గూడ బావ రాసిందే."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ వ్యాసం చదివిన రోజు శ్రీవిద్య పేపర్లు దిద్దడం ఆపేసి బాత్రూంలోకి పోయి ఏడ్చింది. కన్నతల్లి కింద వంటింట్లో ఉండగా, మేనకోడలు తనని అమ్మ అని రాసిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. పిల్లల పేపర్లు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఒక్క కాగితం బీరువాలో చీరల కింద దాచుకుంది. అప్పటి నుంచీ అది అక్కడే ఉంది. ఈ పిల్ల నాకు ఫ్రెంచి వద్దంటే ఆవిడకి పెరుగన్నం ఎందుకు దిగలేదో ఇప్పుడైనా అర్థమైందా?

శ్రీవిద్య లేచి బీరువా తీసింది. కాగితం తెచ్చి మంచం మీద పరిచింది. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి, ఫ్రెంచిలో చదివి, తెలుగులో చెప్పింది.

"'మా అమ్మ ఫ్రెంచి టీచర్. బళ్ళె అందరు ఆమెకు భయపడ్తరు. నేను భయపడను. ఇంట్ల రొట్టె మాడితే మాడింది ఆమె తిని, మంచిది నాకు పెడ్తది. నేను చూస్తలేననుకుంటది.'"

వేలు అక్కడే ఉండిపోయింది.

"సిద్ధు రాసిండా ఇది?"

"ఔ."

"నా సిద్ధు?"

"ఔ అత్తమ్మా. ఏడో తరగతిల."

"వాని పేపర్లు, నోట్‌బుక్కు నాకియ్యలే. సొంత కొడుకువి దిద్దొద్దని బయటి బడి సార్‌కు ఇచ్చిన్రు." ఆవిడ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "వారానికొక్కసారి ఫోన్ చేస్తడు. తిన్నవా అంటే తిన్న అంటడు, పైసలున్నయా అంటే ఉన్నయ్ అంటడు. రెండు నిమిషాలు గూడ కాదు. వానికి నేనంటే పట్టింపు లేదనుకున్న."

సంహిత ఏదో చెప్పబోయింది. అత్త ముఖం చూసి ఆగిపోయింది.

శ్రీవిద్య నవ్వుతోంది. మూడు రోజుల తర్వాత, కళ్ళు తుడుచుకుంటూనే, పిచ్చిదానిలా నవ్వుతోంది. మెట్ల మీద రామచందర్ ఊపిరి పీల్చుకుంటే అది గదిలోకి వినిపించింది.

"రాంచందర్, గాడ దాక్కున్నది చాలు, లోపలికి రా. వసుమతీ, జర చాయ్ పెట్టు. మూడు రోజుల సంది మంచి చాయ్ లేదు. నేను పెట్టుకుంటే నీళ్ళోలె ఉంటున్నది."

"వదినా, పిల్లది తప్పే చేసింది, మీరు మనసుల..." అంటూ వసుమతి లోపలికి వచ్చింది.

"పిల్లది చేసిందొక తప్పు. నేను చేసినయ్ పదహారు. ఏండ్లకేండ్లు ఒక్క ప్రశ్న మార్చలే. ముందుగాల నాకు సిగ్గుండాలె." సంహిత వైపు తిరిగింది. "నువ్వు గూడ తక్కువదానివి కాదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతదట. ఫ్రెంచే రానిదానివి, జర్మన్ వస్తదా నీకు?"

"నేర్చుకుంట."

"జర్మన్ల నోట్‌బుక్కు ఇచ్చేటి బావ లేడు."

"అందుకే నేర్చుకుంట."

ఆ జవాబు శ్రీవిద్యకి నచ్చింది. నచ్చినట్టు పైకి కనబడనివ్వకుండా ఫారం అందుకుంది.

పాత టీచర్ గడిలో సంతకం పెట్టింది. పెట్టాక ఫారం మడవలేదు. పైన 'మార్పునకు కారణం' అన్న చోట సంహిత 'జర్మన్ మీద ఆసక్తి' అని రాసి ఉంది. శ్రీవిద్య దాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసింది. రామచందర్ కళ్ళద్దాలు సరిచేసుకుని చదివాడు. ఈ విద్యార్థినికి ఫ్రెంచి రాలేదు. బాధ్యత టీచర్‌గా నాది.

"అక్కా, గిట్ల రాస్తే నీ నౌకరీకే..."

"నీకు ఫికర్ వద్దు. షాపు తెరుచుకో పో."

"గిది చూసి ఊకుంటరా వాళ్ళు?"

"ఊకోకుంటే అడుగుతరు. అడిగితే చెప్త. పోయినేడు స్టాఫ్‌రూంల ఆమె అన్నదాంట్ల సగం నిజమున్నదని నాకు లోపల్లోపల తెలుసు, రాంచందర్. గందుకే గంత కోపమొచ్చింది. ఇయ్యాల రాసిన. పానం హాయిగున్నది."

నిజంగానే హాయిగా ఉన్నట్టుంది. ఆవిడ రెండు కప్పులు చాయ్ తాగింది. మిగిలిన ఉప్మా కూడా అడిగి మరీ పెట్టించుకుంది. సంహిత రెండుసార్లు వడ్డించుకుంది. ఆ ఇంట్లో బుధవారం నుంచి మిగిలిపోతున్న తిండి అంతా ఆ పావుగంటలో ఖర్చయిపోయింది.

*

పన్నెండూ పదికి అత్తా కోడళ్ళు స్కూటర్ మీద అబిడ్స్‌లో ఉన్నారు. బడి గేటు తీసే ఉంది. పిల్లలకి సెలవు కాబట్టి ఆవరణంతా ఖాళీగా ఉంది, ఆఫీసు గదిలో మాత్రం ఫ్యాన్ తిరుగుతోంది.

క్లర్కు యేసుదానం గారు ఫారం అందుకున్నాడు. సంతకాలు లెక్కపెట్టాడు. ఫారం పైభాగానికి వచ్చాడు, కారణం దగ్గర ఆగాడు. అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మేడమ్, ఇది ఇట్లనే ఉంచాల్నా? వేరే ఫారం ఉంది, ఇస్త. ఆసక్తి అని రాస్తే ఎవరూ అడగరు."

"ఉంచున్రి సార్."

"ప్రిన్సిపాల్ మేడమ్ లోపలే ఉన్నారు. ప్రతి ఫారం చూస్తారు."

"చూడనియ్యున్రి."

యేసుదానం గారు ముద్ర తీసి కొట్టాడు. రిజిస్టర్‌లో సంహిత పేరు వెతికి, ఫ్రెంచి అన్న మాట కొట్టేసి, జర్మన్ అని రాశాడు.

"అయిపోయిందమ్మా. సోమవారం సంది ఏంజెలీనా మిస్ క్లాసుల కూసో."

అయిపోయింది. సంహిత బెంచీ మీద కూలబడింది. మూడేళ్ళ నుంచి ప్రతి పరీక్ష ముందు రాత్రీ ఆ నోట్‌బుక్కుతోనే కూర్చునేది. ఇంక అక్కర్లేదు. ఎవరూ లేకపోతే లేచి గెంతేదే. అత్తమ్మ పక్కన నిలబడి మంచినీళ్ళ సీసా మూత తిప్పుతోంది. ఆవిడ ముఖంలో కూడా అదే తేలిక.

ఫారం లోపలికి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో యేసుదానం గారు బయటికి వచ్చాడు.

"మేడమ్ పిలుస్తున్నారు. మిమ్మల్ని ఒక్కరినే."

శ్రీవిద్య కొంగు సర్దుకుంది. "నువ్వు గేటు దగ్గర ఉండు. ఒక్క పిల్ల సంగతి, ఒక్క టీచర్ తప్పు. పది నిమిషాల్ల వస్త" అని నడిచింది.

ఒక్క పిల్ల సంగతి. ఆ మాట సంహితని బెంచీ మీద ఉండనివ్వలేదు. గేటు దగ్గరికి పోవచ్చు. ముద్ర పడిపోయింది, పేరు మారిపోయింది, ఇంక ఎవరూ ఏమీ అడగరు. అత్త లోపలికి పోయి ఒక్క పిల్లే అని ఒప్పుకుంటుంది, బయటికి వచ్చి ఇంటికి తీసుకుపోతుంది. రేపెప్పుడో మాట్లాడే పరీక్షలో బయటి టీచర్ ఒక్కొక్కర్నీ నిలబెట్టినప్పుడు, అప్పుడు తెలుస్తుంది ఆవిడకి.

"అత్తమ్మా, ఆగు."

శ్రీవిద్య తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"ఒక్క పిల్ల కాదు. నోట్‌బుక్కు జిరాక్స్ తీసి ఇచ్చిన. ఆరో తరగతిలనే. అడిగిన్రు, ఇచ్చిన."

"ఎందరికి?"

"మా సెక్షన్ మొత్తం. ఇరవై ఎనిమిది మందికి."

యేసుదానం గారు రిజిస్టర్‌లోకి తల దించుకున్నాడు. శ్రీవిద్య తలుపు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"మొత్తం నోట్‌బుక్కా?" అంది.

"ఒక్క పేజీ ఇయ్యలే." సంహిత ఆపలేదు. "'మా అమ్మ' పేజీ. అది ఏందని బావకు ఫోన్ చేసి అడిగిన. బావ తెలుగుల చెప్పిండు. అప్పుడు చింపి నా దగ్గర పెట్టుకున్న. మూడేండ్లల అర్థం తెలిసి రాసింది అదొక్కటే అత్తమ్మా."

శ్రీవిద్య మేనకోడల్ని పైనుంచి కింది దాకా చూసింది. కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది, అయిదేళ్ళ పిల్లకి తుడిచినట్టు గట్టిగా.

లోపలి నుంచి ప్రిన్సిపాల్ గొంతు వినిపించింది. "శ్రీవిద్య గారూ, వస్తున్నారా?"

"వస్తున్నం మేడమ్" అని శ్రీవిద్య సంహిత చెయ్యి పట్టుకుని తలుపు తోసింది. "ఇద్దరం."